పదేళ్ళ తర్వాత మళ్ళీ బరిలోకి

సంగీతం మానేసినవాడు ఇరవయ్యేళ్ళ తర్వాత తంబురా ముందు కూర్చుంటే శ్రుతి తప్పవచ్చు. పద్యాలు వదిలేసినవాడికి మూడో పాదం దగ్గర జ్ఞాపకం తడబడవచ్చు. వినేవాళ్ళు నవ్వుకుంటారు, లేదా జాలిపడతారు. అంతకు మించి ప్రమాదం లేదు. ముష్టియుద్ధం అలాంటి విద్య కాదు. అక్కడ మరచిపోయినదానికి మూల్యాన్ని తలతో చెల్లించాలి.

అందుకేనేమో, చాలాకాలం ఆట మానేసి తిరిగి బరిలోకి దిగిన బాక్సర్ల చరిత్ర చాలామట్టుకు ఓటముల చరిత్రే. అందులో ఒక పెద్ద మినహాయింపు జార్జ్ ఫోర్‌మన్. ఇరవై ఎనిమిదో యేట ఆట మానేశాడు. పదేళ్ళపాటు పోటీ అన్న మాటే లేదు. ముప్ఫై ఎనిమిదేళ్ళ వయసులో తిరిగి వచ్చాడు. నలభై అయిదేళ్ళ వయసులో ప్రపంచ హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. 2025 మార్చి 21న, 76 ఏళ్ళ వయసులో ఆయన కన్నుమూశాడు. ఆయన పేరు ఎత్తగానే చాలామంది ఆ విజయాన్ని అద్భుతం అంటారు. అద్భుతం అని పక్కన పెట్టేస్తే అందులోంచి నేర్చుకోవలసింది ఏమీ మిగలదు. తక్కినవారు ఎక్కడ పొరబడ్డారో, ఆయన ఆ పొరపాటు ఎలా తప్పించుకున్నాడో చూడాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

*

ముందుగా, విరామం బాక్సరు దగ్గర నుంచి ఏం తీసుకుపోతుంది?

మొట్టమొదట పోయేది దమ్ము. పరుగు, తాడాట, స్పారింగ్ మానేసిన కొన్ని వారాలకే గుండెకీ ఊపిరితిత్తులకీ ఉన్న శక్తి తగ్గడం మొదలవుతుంది. ఆ తర్వాత కాళ్ళు. బాక్సింగ్ చేతులతో ఆడే ఆటలా కనిపిస్తుంది గాని, గుద్దు పాదంలో పుట్టి, తుంటి మీదుగా భుజానికి ఎక్కి, చివరికి పిడికిట్లోకి వస్తుంది. కాళ్ళు బరువెక్కితే గుద్దూ ఆలస్యమవుతుంది, తప్పుకోవడమూ ఆలస్యమవుతుంది. మూడోది దూరం అంచనా. ఎదుటివాడి చెయ్యి తనకి అందే దూరంలో ఉన్నానా, లేదా అన్నది బాక్సరు ఆలోచించి తెలుసుకోడు. రోజూ దెబ్బలు తప్పించుకుంటూ ఉంటే ఒంటికి పట్టే జ్ఞానం అది. ఆ అభ్యాసం ఆగితే అదీ మసకబారుతుంది.

అన్నిటికంటే ఆఖరున పోయేది గుద్దులోని బలం. చిక్కంతా ఇక్కడే ఉంది. పదేళ్ళ తర్వాత వ్యాయామశాలకి వచ్చినవాడు పంచింగ్ బ్యాగ్‌ని కొడితే చప్పుడు ఇంచుమించు పాత చప్పుడులాగే వినిపిస్తుంది. ఆ చప్పుడు విని, ఏమీ పోలేదనుకుంటాడు. ఆ సంచి తిరిగి కొట్టదు. పక్కకి తప్పుకోదు. పోయినవాటి గురించి అది ఒక్క ముక్క కూడా చెప్పదు.

*

అలా మోసపోయినవారిలో తొలి తరంవాడు జేమ్స్ జెఫ్రీస్. 1905లో ఓటమి అన్నది ఎరగకుండా హెవీవెయిట్ కిరీటం వదిలేసి కాలిఫోర్నియాలో వ్యవసాయానికి వెళ్ళిపోయాడు. 1908లో జాక్ జాన్సన్ అనే నల్లజాతి యోధుడు ఆ కిరీటం గెలిచాడు. తెల్లవారి అమెరికా అది సహించలేకపోయింది. జెఫ్రీస్ తిరిగి రావాలని పత్రికలు పోరుపెట్టాయి. ఆయన అప్పటికి బాగా లావెక్కి ఉన్నాడు. దాదాపు వంద పౌండ్లు, అంటే నలభై అయిదు కిలోలు, తగ్గించుకుని 1910 జులై 4న రెనో పట్నంలో బరిలోకి దిగాడు. చూడడానికి పాత జెఫ్రీసే. జాన్సన్ అతన్ని తొందర లేకుండా, మాటలతో ఎగతాళి చేస్తూ అలసట పెట్టి, పదిహేనో రౌండులో ముగించాడు. అంతకు ముందెన్నడూ నేలకూలని మనిషి ఆ రోజు పదేపదే కూలాడు. ఆ ఫలితం తెలిసిన రాత్రి అమెరికా నగరాల్లో నల్లవారి మీద దాడులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. తనకోసం కాక ఇతరుల అహంకారం కోసం తిరిగి వచ్చినవాడి కథ ఇది.

జో లూయిస్ కథ ఇంతకన్నా బాధాకరం. యుద్ధకాలంలో, 1942లో, రెండు పోటీల ప్రతిఫలాన్ని నౌకాదళ, సైనిక సహాయనిధులకి ఇచ్చేసినవాడు. 1949లో ఛాంపియన్‌గానే విరమించాడు. కాని ఆదాయపు పన్ను బాకీలు మెడకి చుట్టుకున్నాయి. 1950 సెప్టెంబరులో ఎజార్డ్ ఛార్లెస్ చేతిలో పదిహేను రౌండ్ల పోటీలో ఓడాడు. 1951 అక్టోబరులో, ముప్ఫై ఏడేళ్ళ వయసులో, రాకీ మార్సియానో అతన్ని ఎనిమిదో రౌండులో తాళ్ళ మధ్యనుంచి బయటికి పడేలా కొట్టాడు. లూయిస్‌కి చెయ్యి ఆడడం తెలుసు. ఆడించవలసిన క్షణం మాత్రం అప్పటికే దాటిపోతూ వచ్చింది.

*

మహమ్మద్ ఆలీ రెండుసార్లు తిరిగి వచ్చాడు. ఆ రెండు రాకల్నీ పక్కపక్కన పెట్టి చూడాలి.

మొదటిది 1970లో. వియత్నాం యుద్ధానికి పోనని సైన్యంలో చేరడానికి నిరాకరించినందుకు 1967లో కిరీటమూ, ఆడే అనుమతీ రెండూ పోయాయి. ఇరవై అయిదు నుంచి ఇరవై ఎనిమిది దాకా, ఏ బాక్సరుకైనా బంగారంలాంటి ఆ సంవత్సరాలు, ఖాళీగా పోయాయి. 1970 అక్టోబరు 26న అట్లాంటాలో జెరీ క్వారీని మూడు రౌండ్లలో ఓడించాడు గాని, 1971 మార్చిలో జో ఫ్రేజియర్‌తో పదిహేను రౌండ్లు ఆడేసరికి లోపం బయటపడింది. దెబ్బ పడకుండా నాట్యం చేసిన కాళ్ళు అంతసేపు నాట్యం చేయలేకపోయాయి. ఆలీ ఓడాడు. ఓడి, ఇంకో రకం బాక్సింగ్ నేర్చుకున్నాడు. తాళ్ళకి ఆనుకుని, దెబ్బలు భుజాల మీదా చేతుల మీదా కాచుకుని, ఎదుటివాణ్ణి అలిసిపోనివ్వడం. 1974 అక్టోబరు 30న జైర్ రాజధాని కిన్షాసాలో ఆ విద్యతో ఒక అజేయుణ్ణి ఎనిమిదో రౌండులో పడగొట్టి కిరీటం తిరిగి తెచ్చుకున్నాడు. ఆ పడినవాడే జార్జ్ ఫోర్‌మన్. ఆ గెలుపుకి ఆలీ చెల్లించిన ధర ఎంతో తర్వాతి సంవత్సరాల్లో గాని లోకానికి తెలియలేదు. దెబ్బలు ఓర్చుకోగలనని తెలుసుకోవడమే ఆయనకి చేటయింది.

రెండో రాక 1980లో. రెండేళ్ళ విరామం తర్వాత, ముప్ఫై ఎనిమిదేళ్ళ వయసులో, ఒకప్పుడు తన దగ్గర స్పారింగ్ చేసిన లారీ హోమ్స్ మీదికి వెళ్ళాడు. బాగా బరువు తగ్గాడు. నెరిసిన జుట్టుకి రంగు వేశాడు. తూకం నాడు ముల్లు దాదాపు కిన్షాసా నాటి అంకె దగ్గరే నిలిచింది. అద్దంలో కనిపించినవాడు 1974 నాటి ఆలీ. లోపల మాత్రం థైరాయిడ్ మాత్రలు వాడి, నీరూ సత్తువా హరించుకుపోయిన శరీరం. అక్టోబరు 2న లాస్ వేగాస్‌లో పది రౌండ్లూ నిలబడి దెబ్బలు తిన్నాడు. పదో రౌండు తర్వాత ఆయన శిక్షకుడు ఏంజెలో డండీ పోటీ ఆపించాడు. 

జెఫ్రీస్ చేసిందీ, 1980లో ఆలీ చేసిందీ ఒకటే. పాత రూపం తెచ్చుకుంటే పాత శక్తి దాని వెంట వస్తుందని నమ్మారు. శిక్షణ అంతా ఆ రూపం కోసమే సాగింది.

*

ఇక ఫోర్‌మన్. 1949లో టెక్సస్ రాష్ట్రంలోని మార్షల్‌లో పుట్టి, హ్యూస్టన్ నగరంలో పేదలుండే ఫిఫ్త్ వార్డ్‌లో పెరిగాడు. చదువు అబ్బలేదు, వీధి తగాదాలు అబ్బాయి. పేద యువకులకి పని నేర్పే జాబ్ కోర్ అనే ప్రభుత్వ పథకంలో చేరాక, అక్కడ డాక్ బ్రాడస్ అనే శిక్షకుడు చేతికి గ్లవ్స్ తొడిగాడు. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో స్వర్ణం. 1973 జనవరిలో జమైకాలో ఫ్రేజియర్‌ని రెండు రౌండ్లలో ఆరుసార్లు నేలకూల్చి ప్రపంచ కిరీటం. ఆ రోజుల్లో ఫోర్‌మన్ నవ్వేవాడు కాదు. ఎదుటివాడు గంట కొట్టకముందే భయంతో సగం ఓడిపోవాలని ఆయన లెక్క.

ఆ లెక్కలో ఒక లోటు ఉంది. రెండు మూడు రౌండ్లలో పడనివాడు ఎదురైతే ఏం చెయ్యాలి? కిన్షాసాలో ఆలీ అడిగిన ప్రశ్న అదే. ఫోర్‌మన్ తన బలమంతా ఆలీ మోచేతుల మీద ఖర్చుపెట్టి ఎనిమిదో రౌండుకి ఖాళీ అయిపోయాడు. 1977 మార్చి 17న ప్యూర్టోరికోలోని సాన్ హువాన్‌లో, ఉక్కబోతలో, జిమ్మీ యంగ్ అదే ప్రశ్న మళ్ళీ అడిగాడు. పన్నెండో రౌండులో ఫోర్‌మన్ కిందపడ్డాడు, పాయింట్ల మీద ఓడాడు. ఆ తర్వాత దుస్తులు మార్చుకునే గదిలో తాను చనిపోతున్నాననుకున్నాడు. దేవుడు కనిపించి బతికించాడని జీవితాంతం చెప్పేవాడు. వైద్యులు వడదెబ్బ అన్నారు. ఏదైతేనేం, ఆ రాత్రితో బాక్సింగ్ మానేశాడు. హ్యూస్టన్ వీధి మొగల్లో నిలబడి బోధలు చేసి, తర్వాత ఒక చిన్న చర్చికి పాస్టరయ్యాడు. 1984లో పేద పిల్లల కోసం ఒక యువజన కేంద్రం తెరిచాడు. పిల్లలకి ఆటలు, వ్యాయామం, వీధి తగాదాల నుంచి దూరం. ఆ కేంద్రమే ఆయన్ని తిరిగి బరిలోకి లాగింది. దాచుకున్న డబ్బు అయిపోవచ్చింది. విరాళాలకోసం ఇతరుల ముందు చెయ్యి చాచవలసిరావడం ఆయనకి సిగ్గనిపించింది. తనకి డబ్బు సంపాదించే విద్య ఒకటే వచ్చు.

*

అప్పటికి ఆయన బరువు మూడు వందల పౌండ్లు దాటింది, అంటే నూట ముప్ఫై ఆరు కిలోల పైమాటే. కిన్షాసాలో రెండు వందల ఇరవై. ఇక్కడ జెఫ్రీస్ చేసిన పని చెయ్యవచ్చు. ఏడాదిపాటు తనని తాను మాడ్చుకుని, పాత తూకానికి దిగి, నేరుగా ఛాంపియన్ మీదికి వెళ్ళవచ్చు. ఫోర్‌మన్ ఆ దారి పట్టలేదు. 1987 మార్చి 9న శాక్రమెంటోలో స్టీవ్ జౌస్కీ అనే సామాన్య బాక్సరుతో ఆడినప్పుడు తూకంలో 267 పౌండ్లు ఉన్నాడు. పొట్ట నిక్కరు మీదికి వేలాడుతోంది. జనం నవ్వారు. నాలుగో రౌండులో గెలిచాడు. అప్పుడాయన వయసు కూడా 1980లో ఆలీకి ఉన్న వయసే, ముప్ఫై ఎనిమిది.

ఆ తర్వాత నాలుగేళ్ళు చిన్న చిన్న ఊళ్ళలో, పెద్ద పేరు లేనివాళ్ళతో వరసగా ఆడుతూ పోయాడు. ఏరి కోరి బలహీనులతో ఆడుతున్నాడని పత్రికలు ఎగతాళి చేశాయి. ఆ మాటలో నిజం ఉంది. ఆయన కూడా చీజ్‌బర్గర్ల మీద తనే హాస్యాలాడి జనాన్ని నవ్వించాడు. కాని ఆ పోటీలే ఆయన శిక్షణ. పదేళ్ళుగా ఒంట్లోంచి పోయిన దూరం అంచనా సంచిని కొడితే రాదు. నిజంగా తిరిగి కొట్టేవాడు ఎదురుగా ఉంటేనే వస్తుంది. మొదట తేలికగా కొట్టేవాడు, తర్వాత కొంచెం గట్టిగా కొట్టేవాడు. అక్షరాభ్యాసం మళ్ళీ మొదలుపెట్టిన పెద్దమనిషిలా, వాచకం మొదటి పేజీ నుంచి వెళ్ళాడు. 1991 నాటికి ఇరవై నాలుగు పోటీలు, ఇరవై నాలుగు గెలుపులు, అందులో ఇరవై మూడు నాకౌట్లు.

ఆడే తీరు కూడా మార్చుకున్నాడు. పాత ఫోర్‌మన్ విసురుగా, పెద్ద పెద్ద గుద్దులు వంపు తిప్పి కొట్టేవాడు. కొత్త ఫోర్‌మన్ నెమ్మదిగా ముందుకి నడుస్తూ, ఎడమచేత్తో స్తంభంలాంటి జాబ్ కొడుతూ, ఒక్కొక్క గుద్దూ లెక్కపెట్టుకుని వాడేవాడు. కాచుకోవడానికి రెండు చేతులూ ఛాతీ ముందు అడ్డంగా పెట్టుకునేవాడు. అది ఆర్చీ మూర్ పద్ధతి. మూర్ 1974లోనూ ఫోర్‌మన్ బృందంలో ఉన్నాడు. తానే ముప్ఫై అయిదు దాటాక లైట్ హెవీవెయిట్ ఛాంపియనై, నలభై దాటాక కూడా ఆడినవాడు. చురుకు తగ్గిన ఒంటికి తగిన కాపుదల ఏదో ఆయనకి తెలుసు. రౌండ్ల మధ్య దొరికే నిమిషంలో అందరూ స్టూలు మీద కూలబడతారు, ఫోర్‌మన్ నిలబడే ఉండేవాడు. అలిసిపోలేదని ఎదుటివాడికీ, తనకి తనకీ చెప్పుకోవడం అది. కిన్షాసా, సాన్ హువాన్ రెండూ ఆయన్ని ఓడించింది అలసటతోనే. పదేళ్ళ తర్వాత మొదలుపెట్టిన శిక్షణంతా ఆ అలసటతో సంధి చేసుకోవడానికే సాగింది. పోయిన కాళ్ళ కోసం వెతుక్కోలేదు. మిగిలిన బలాన్ని పన్నెండు రౌండ్లకి పంచుకోవడం నేర్చుకున్నాడు.

*

ఇవన్నీ చేసినా వెంటనే గెలుపు రాలేదు. 1991 ఏప్రిల్ 19న అట్లాంటిక్ సిటీలో ఇవాండర్ హోలీఫీల్డ్‌తో పన్నెండు రౌండ్లూ నిలబడి పాయింట్ల మీద ఓడాడు. అప్పటికి నలభై రెండేళ్ళు. ఆ రాత్రితో నవ్వు ఆగి గౌరవం మొదలైంది. 1993 జూన్‌లో టామీ మోరిసన్ చేతిలో మళ్ళీ ఓడాడు. అంతటితో అందరూ అయిపోయిందన్నారు.

1994లో హోలీఫీల్డ్‌ని ఓడించి మైకేల్ మోరర్ ఛాంపియన్ అయ్యాడు. ఎడమచేతివాటం ఉన్నవాడు హెవీవెయిట్ ఛాంపియన్ కావడం అదే మొదలు. వయసు ఇరవై ఆరు. అతనితో ఆడడానికి ఫోర్‌మన్ అర్హుడు కాడని ఒక నియంత్రణ సంఘం అడ్డుపడితే, కోర్టుకి వెళ్ళి అనుమతి తెచ్చుకున్నాడు. 1994 నవంబరు 5న లాస్ వేగాస్‌లో, ఇరవై ఏళ్ళ క్రితం కిన్షాసాలో వేసుకున్న అదే ఎర్ర నిక్కరు వేసుకుని వచ్చాడు. ఆయన మూలలో నిలబడ్డవాడు ఏంజెలో డండీ. కిన్షాసాలో ఆలీ మూలలో నిలబడ్డదీ, 1980లో ఆలీని కాపాడటానికి పోటీ ఆపించిందీ ఆయనే.

తొమ్మిది రౌండ్లు మోరర్‌వే. ముగ్గురు న్యాయనిర్ణేతల లెక్కలోనూ అతనే ముందున్నాడు. ఫోర్‌మన్ కన్ను వాచింది. దెబ్బలు తింటూ, జాబ్ కొడుతూ, మోరర్ తనకి ఎదురుగా తిన్నగా నిలబడే క్షణం కోసం కాచుకున్నాడు. పదో రౌండులో ఆ క్షణం వచ్చింది. పొట్టిగా, తిన్నగా వెళ్ళిన ఒక కుడిచేతి గుద్దు గడ్డానికి తగిలింది. మోరర్ వెల్లకిలా పడ్డాడు, పది లెక్కించేలోగా లేవలేదు. ఫోర్‌మన్ తన మూలకి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన చేశాడు. వయసు 45 ఏళ్ళ 299 రోజులు.

దీన్ని చూసి, ఎవరైనా ఏ వయసులోనైనా తిరిగి రావచ్చని పాఠం చెప్పడం బాధ్యత లేని పని. ఫోర్‌మన్‌కి పుట్టుకతో వచ్చిన గుద్దు ఉంది. పదేళ్ళపాటు తలకి దెబ్బలు లేని విశ్రాంతి దొరికింది. అదృష్టమూ తోడైంది. తిరిగి వచ్చాక ఆడిన ముప్ఫై నాలుగు పోటీల్లో తిన్న దెబ్బలు తక్కువేమీ కావు. 1997 నవంబరులో చివరి పోటీలో ఓడి, ఈసారి నిజంగానే ఆగాడు. ఆగడం కూడా ఆయన రెండోసారి మెరుగ్గా నేర్చుకున్న విద్యే.

*

మన దేశంలో ఈ తిరిగి రావడమన్నది ఎక్కువగా ఆడపిల్లల చరిత్ర. మణిపూర్‌కి చెందిన మేరీ కోమ్ 2007లో కవలలకి తల్లి అయి, 2008లో నింగ్బోలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ గెలిచింది. 2013లో మూడో బిడ్డ, 2014లో ఇంచియాన్ ఏషియన్ గేమ్స్ స్వర్ణం. ప్రసవం తర్వాత పొత్తికడుపు కండరాలు మళ్ళీ బిగువెక్కితే గాని నడుము తిరగదు, నడుము తిరగందే గుద్దు లేదు. ఆమె శిక్షణ అక్కడ నుంచి మొదలుకావలసి వచ్చింది.

మన నిజామాబాదు అమ్మాయి నిఖత్ జరీన్ 2011లో తన వయసు విభాగంలో ప్రపంచ విజేత. 2017లో భుజం కీలు తప్పి ఇంచుమించు ఏడాదిపాటు రింగుకి దూరమైంది. తిరిగి వచ్చాక, 2019 డిసెంబరులో ఒలింపిక్ అర్హత పోటీలకి ఎంపిక కోసం మేరీ కోమ్‌తో తలపడి 9-1 తేడాతో ఓడింది. గాయం నుంచి తేరుకున్న చిన్నది, ముగ్గురు బిడ్డల తల్లి చేతిలో ఓడిన ఆ రోజు ఇద్దరూ తిరిగి వచ్చినవారే. 2022 మే 19న ఇస్తాంబుల్‌లో నిఖత్ ప్రపంచ ఛాంపియన్ అయింది. 2023లో ఢిల్లీలో మళ్ళీ గెలిచింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో పతకం దాకా వెళ్ళకుండానే ఓడింది.

వీళ్ళనీ ఫోర్‌మన్‌నీ ఒక్క విషయంలో పోల్చవచ్చు. విరామం తర్వాత మొదటి రోజు తాడు పట్టుకున్నప్పుడు పాదం తాడుకి తగిలి ఆగిపోతుంది. ఒకప్పుడు లెక్కపెట్టకుండా గెంతినవాళ్ళే ఇప్పుడు ఒక్క రౌండు, మూడు నిమిషాలు, పూర్తి చేయలేక గోడకి ఆనుకుంటారు. ఆ క్షణంలో ఒకప్పటి తన పేరుని గుర్తు చేసుకున్నవాడు సిగ్గుపడి వెళ్ళిపోతాడు, లేదా కోపంతో పంచింగ్ బ్యాగ్ మీదికి వెళ్ళి ఆ చప్పుడు విని మోసపోతాడు. తాడు మళ్ళీ అందుకుని ఒకటి నుంచి లెక్క మొదలుపెట్టేవాళ్ళు కొద్దిమందే ఉంటారు.